బడి గోడ నీడలో ఏ మొక్క పెడదాం?

మీ బడి ఆవరణలో ఎండ సరిగా తగలని మూల ఏదైనా ఉందా? తరగతి గదుల వెనక గోడ పక్కనో, వేపచెట్టు కిందో, నీళ్ళ ట్యాంకు చాటునో అలాంటి చోటు ఒకటి ఉండనే ఉంటుంది. అక్కడ బంతి నాటితే సన్నగా, బారుగా సాగి ఒరిగిపోతుంది. పువ్వు మాత్రం పూయదు. గరిక పరిస్తే ఏడాది తిరిగేలోగా పలచబడి మట్టి తేలుతుంది. చివరికి ఆ మూల విరిగిన బెంచీలు పారేసే చోటుగా మారుతుంది. "నీడలో ఏదీ పెరగదులే" అని మనం చేతులు దులుపుకుంటాం.

మరి అడవిలో చెట్ల కింద అన్ని రకాల మొక్కలు ఎలా పెరుగుతున్నాయి? నీడలో బతికే మొక్కలకు కొదవ లేదు. మన నీడ ఎలాంటిదో తెలుసుకోకుండా మొక్కను ఎంచుకోవడమే అసలు చిక్కు. ఈ పొరపాటు నేనూ చేశాను. సైన్సు ఉపాధ్యాయుణ్ణి అయి ఉండీ చేశాను. ముందుగా ఆ కథ చెబుతాను.

జూన్ నెలలో ఎదురైన ప్రశ్న

చాలా ఏళ్ళ కిందట నల్లగొండ జిల్లాలో ఒక పల్లె బడిలో పనిచేస్తుండేవాణ్ణి. దక్షిణ ముఖంగా కట్టిన పొడవాటి భవనం అది. ఉత్తరం వైపు, అంటే గదుల వెనక, చలికాలంలో రోజంతా చల్లని నీడ ఉండేది. సంక్రాంతి సెలవుల తరవాత ఎనిమిదో తరగతి పిల్లలతో కలిసి అక్కడ రెండు మీటర్ల వెడల్పున మడి కట్టాం. అది ఎర్ర చల్క నేల. అందులో చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపాం. నీడలో పెరిగే మొక్కల జాబితా ఒక పుస్తకంలో చూసి ఫెర్నులు, బిగోనియాలు తెప్పించాం. పిల్లలు ఇళ్ళ నుంచి మనీ ప్లాంటు కొమ్మలు తెచ్చారు. ఒక అమ్మాయి తన అమ్మమ్మగారి ఊరి నుంచి తమలపాకు తీగను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది.

ఫిబ్రవరి దాకా మడి కళకళలాడింది. వేసవి సెలవుల్లో నీళ్ళు పోయడానికి మా అటెండరు ఒప్పుకున్నాడు. మాట తప్పకుండా పోశాడు కూడా. అయినా జూన్‌లో బడి తెరిచి చూస్తే ఆకులన్నీ మాడిపోయి ఉన్నాయి. తమలపాకు తీగ చేత్తో ముట్టుకుంటే పొడిపొడి అయింది. ఆ అమ్మాయి నా వంక చూసి, "సార్, ఈడ ఎప్పుడూ నీడుంటదన్నరు గదా!" అంది.

నా దగ్గర జవాబు లేదు. అటెండరు దగ్గర ఉంది. "ఎండకాలం పొద్దు ఆ దిక్కే ఉంటది సార్. అప్పుడు మేం ఆ గోడ పొంటి కూసోం" అన్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అడగలేదు గద సార్" అన్నాడు.

ఉత్తరాయణం, దక్షిణాయనం పాఠం నేను ఏటేటా చెబుతూనే ఉన్నాను. గ్లోబు తిప్పి మరీ చూపిస్తున్నాను. కాని ఆ పాఠానికీ మా బడి వెనక గోడకూ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు!

మేకులు చెప్పిన లెక్క

ఆ డిసెంబరులో పిల్లలూ నేనూ కలిసి ఒక పని మొదలుపెట్టాం. నెలకొకసారి మధ్యాహ్నం వేళ, భవనం నీడ ఎక్కడ ముగుస్తుందో అక్కడ నేలలో ఒక కర్ర మేకు పాతాం. మేకు మీద తేదీ రాశాం. నెల నెలకూ మేకులు గోడ దగ్గరికి జరిగి వస్తుంటే పిల్లలకు ఆశ్చర్యం వేసింది.

ఇది ఎందుకు జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మహబూబ్‌నగర్ అంతకు కొంచెం దక్షిణాన ఉంది. రెండూ కర్కటరేఖకు దిగువనే. కర్కటరేఖ 23 1/2 డిగ్రీల దగ్గర ఉంది కదా! సూర్యుడు జూన్ 21 నాటికి అక్కడి దాకా వెళ్ళి తిరిగి వస్తాడు. కాబట్టి వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మన నడినెత్తి మీదుగా దాటి తీరాలి. హైదరాబాదులో 2023లో మే 9న ఒకసారి, ఆగస్టు 3న మరోసారి నిటారుగా నిలబెట్టిన కర్ర నీడ మధ్యాహ్నం కాసేపు కనబడకుండా పోయింది. మన జిల్లాల్లోనూ దాదాపు ఆ రోజులే. ఈ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపున ఉంటాడు!

భవనం ఎత్తు 4 మీటర్లు అనుకోండి. డిసెంబరు 22 మధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు సుమారు 3.4 మీటర్ల దూరం పడుతుంది. మార్చి 21 నాటికి అది 1.2 మీటర్లకు కుదించుకుపోతుంది. మే రెండో వారానికి అసలు ఉండదు. జూన్ 21న నీడ గోడకు అవతల, దక్షిణం వైపున, జానెడూ రెండు జానలంత పడుతుంది. అంతేకాదు. మార్చి 21 దాటిన తరవాత సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. అందువల్ల ఉత్తరపు గోడకు పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా కూడా తగులుతాయి.

ఇప్పుడు అర్థమయిందా మా మడి ఎందుకు మాడిందో? రెండు మీటర్ల మడి చివరి వరసకు ఫిబ్రవరి ఆఖరుకే మధ్యాహ్నపు నీడ తప్పిపోయింది. నీడ అవసరమైన నెలల్లోనే నీడ వెళ్ళిపోయింది!

మరి పుస్తకంలో అలా ఎందుకు రాశారు? ఆ పుస్తకం ఇంగ్లండులో అచ్చయింది. లండన్ 51 1/2 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. అక్కడ జూన్ 21న కూడా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి 28 డిగ్రీలు దక్షిణంగానే ఉంటాడు. అక్కడ 4 మీటర్ల భవనానికి ఉత్తరాన ఆనాడు కూడా 2 మీటర్ల నీడ ఉంటుంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది రాసిన ఊరు వేరు, మనం చదివిన ఊరు వేరు.

ఆకు ఆదాయం, ఆకు ఖర్చు

ఇక అసలు నీడలో మొక్క ఎలా బతుకుతుందో చూద్దాం. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిని పట్టి పిండిపదార్థాన్ని తయారుచేస్తుంది. ఇది మొక్కకు ఆదాయం. మొక్క పగలూ రాత్రీ శ్వాసిస్తూ అందులో కొంత ఖర్చు చేస్తుంది. వెలుగు తగ్గుతూ పోతే ఒకచోట ఆకు ఆదాయమూ ఖర్చూ సరిసమానం అవుతాయి. ఆ వెలుగును శాస్త్రజ్ఞులు కాంపెన్సేషన్ పాయింటు అంటారు. అంతకంటే తక్కువ వెలుగులో ఉన్న ఆకు, దాచుకున్నది తింటూ కొన్నాళ్ళు నిలిచి ఆ తరవాత రాలిపోతుంది.

ఎండ మొక్కలు పెద్ద సంసారం వంటివి. రాబడి ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. నీడ మొక్కలు పొదుపరులు. వాటి ఆకుల శ్వాసక్రియ నెమ్మది. అందుకే అతి తక్కువ వెలుగులోనూ వాటికి ఎంతో కొంత మిగులుతుంది. కాని ఇలాంటి పొదుపరి ఆకు మీద ఒక్కసారిగా మే నెల ఎండ పడితే, పట్టిన వెలుగునంతా వాడుకోలేక పత్రహరితం దెబ్బతింటుంది. ఆకు వెలిసి, ఆపైన మాడుతుంది. నీళ్ళు ఎన్ని పోసినా ఈ మాడు ఆగదు. మా అటెండరు పోసిన నీళ్ళు వృథా కావడానికి కారణం ఇదే.

ఈ తేడా చూడటానికి రెండు మొక్కలు అక్కరలేదు. ఒక్క మామిడి చెట్టు చాలు. పైన ఎండకు ఉండే ఆకునూ, లోపల నీడలో ఉండే ఆకునూ కోసి పోల్చండి. మామూలుగా ఎండ ఆకు చిన్నగా మందంగా, నీడ ఆకు వెడల్పుగా పలచగా ఉంటాయి. చెట్టు ఒకటే, దొరికిన వెలుగును బట్టి ఆకును మలచుకుంది.

"ఈ మూలలో వెలుతురు బాగానే ఉందే!" అని మన కళ్ళను నమ్మి మోసపోకూడదు. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి మనకు తేడా అంతగా తెలియదు. నిండు ఎండ సుమారు 1,00,000 లక్సులు ఉంటే, పైన ఆకాశం కనిపించే గోడ నీడలో అందులో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది. దట్టమైన చెట్టు కింద నూటికి రెండు మూడు పాళ్ళకు కూడా పడిపోవచ్చు. తరగతి గదిలో పుస్తకం చదవడానికి కొన్ని వందల లక్సులే చాలు!

గోడ నీడ వేరు, చెట్టు నీడ వేరు

రెండు నీడలూ ఒకేలా కనిపించినా మొక్కకు అవి ఒకటి కావు. గోడ వెలుగును అడ్డుకుంటుందే గాని, దాని రంగు మార్చదు. ఆకులు అలా కాదు. అవి వెలుగులోని ఎరుపునూ నీలాన్నీ పీల్చుకొని, మన కంటికి దాదాపు ఆనని ముదురు ఎరుపును కిందికి వదిలేస్తాయి.

ఈ ముదురు ఎరుపును మొక్క గుర్తుపడుతుంది. అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ అనే శాస్త్రజ్ఞులూ వారి సహచరులూ 1952లో లెట్యూస్ అనే ఆకుకూర విత్తనాల మీద ఒక ప్రయోగం చేశారు. ఎరుపు కాంతి చూపితే విత్తనాలు మొలిచాయి. ఆ వెంటనే ముదురు ఎరుపు కాంతి చూపితే మొలకెత్తడం మానేశాయి. రెంటినీ మార్చి మార్చి ఎన్నిసార్లు చూపినా, చివర ఏ కాంతి చూపారో దాని మాటే చెల్లింది. ఈ పని చేసే రంగు పదార్థాన్ని 1959లో అదే కేంద్రంలో పట్టుకున్నారు. దాని పేరు ఫైటోక్రోమ్.

మన బంతి మొక్క చెట్టు కింద ఎందుకు బారుగా సాగుతుందో ఇప్పుడు చెప్పగలరా? "నా నెత్తిన మరొకరి ఆకులున్నాయి" అని ఫైటోక్రోమ్ ద్వారా దానికి తెలిసిపోతుంది. వాటిని దాటి పైకి పోవాలని కాండాన్ని సాగదీస్తుంది. కాని వేపచెట్టును దాటడం బంతి వల్ల అవుతుందా? ఉన్న పిండిపదార్థమంతా కాండానికే ఖర్చయి, పువ్వుకు ఏమీ మిగలదు. నీడకు అలవాటుపడిన మొక్కలు ఈ పరుగు పందెంలో దిగవు. దొరికిన వెలుగుతోనే సరిపెట్టుకొని ఆకులను పరచుకుంటాయి.

నీడ ఉంటే తడి ఉంటుందా?

నీడ అనగానే మనకు చల్లదనమూ తడీ గుర్తుకు వస్తాయి. కాని పాలమూరు, నల్లగొండ మెట్టనేలల్లో చెట్టు నీడ చాలాసార్లు పొడి నీడ. చిన్న జల్లు పడితే ఆ నీరు కొమ్మల మీదా ఆకుల మీదా నిలిచి అక్కడే ఆవిరైపోతుంది. కింద నేల తడవదు. పెద్ద వాన పడినా, చల్క నేలలో నీరు నిలిచేది తక్కువ. నిలిచిన దాన్ని చెట్టు వేళ్ళు తాగేస్తాయి. ఈసారి వాన వెలిసిన తరవాత చెట్టు కింద ఒకచోట, బయట ఒకచోట జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట పట్టి చూడండి. ఏ ముద్ద నిలుస్తుందో, ఏది పొడిగా రాలిపోతుందో మీకే తెలుస్తుంది.

మహబూబ్‌నగర్ పట్టణానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రిని మీలో చాలామంది చూసి ఉంటారు. సుమారు 700 ఏళ్ళ వయసు ఉంటుందని చెప్పే ఈ మర్రి, ఊడలు దించుకుంటూ మూడెకరాలకు పైగా పరచుకొంది. ఒకసారి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఒక అబ్బాయి అడిగాడు: "ఇంత నీడ ఉంది, కింద గడ్డి కూడ లేదేంది సార్?" మంచి ప్రశ్న! వెలుగు చాలకనా? వేళ్ళు నీరంతా తాగినందుకా? రోజూ వందల మంది తొక్కి నేల గట్టిపడినందుకా? మూడూ నిజమే కావచ్చు. నీడలో మొక్క బతకకపోతే ఒక్క నీడనే నిందించకూడదని ఆ అబ్బాయి ప్రశ్న నాకు నేర్పింది.

ఆ మహావృక్షానికి 2017 చివర చెదలు పట్టి కొమ్మలు విరిగిపడ్డాయి. సందర్శకులను ఆపివేశారు. 2018లో అటవీశాఖ వారు చెదలమందు కలిపిన ద్రావణాన్ని, ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టు, సీసాలు కట్టి చుక్కచుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు స్తంభాల ఆసరా ఇచ్చారు. నీడ ఇచ్చే చెట్టును నిలుపుకోవడానికి ఎంత శ్రమ పడాలో చూశారా! కాబట్టి చెట్టు కింద మొక్కలు పెట్టేటప్పుడు చెట్టు క్షేమమే ముందు చూడాలి. దాని పెద్ద వేళ్ళు నరకకూడదు. మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోయకూడదు. వేళ్ళ మధ్య చిన్న గుంటల్లో చిన్న మొక్కలే నాటాలి.

నల్లమల చెప్పే ఉపాయం

పాలమూరుకు ఆగ్నేయాన, నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల కొండల మీద అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడి చెట్లలో చాలావాటికి ఎండాకాలానికి ముందే ఆకు రాలిపోతుంది. అంటే మా బడి గోడ లాగానే ఆ అడవి నీడ కూడా ఎండలు ముదిరే వేళకు మాయమవుతుంది! మరి కింద ఉండే లేత మొక్కలు ఏమవుతాయి?

వాటిలో ఎన్నో నిద్రపోతాయి. అడవి పసుపు, అడవి కంద, ఆకాశదీపంలా పూసే అడవినాభి ఇలాంటివే. ఎండాకాలంలో వీటి ఆకులు నేల మీద కనిపించవు. కొమ్ముగానో గడ్డగానో భూమి లోపల దాగి ఉంటాయి. తొలకరి పడగానే చెట్లు చిగురిస్తాయి, నీడ కమ్ముకుంటుంది. అదే సమయంలో ఇవి మొలకెత్తుతాయి. వాన నెలల్లో సంపాదించుకొని, చలికాలానికి ఆకు ముడుచుకొని మళ్ళీ గడ్డలోకి వెళ్ళిపోతాయి. అడవిలో బతికే చెంచులు ఈ కాలపట్టిక ఎరిగినవారు. ఆకు ఎండిపోయిన తీగ జాడ పట్టి గడ్డను తవ్వుకోగలరు.

మాకు కావలసిన ఉపాయం ఇక్కడ దొరికింది. ఉత్తరపు గోడ పక్కన ఏడాది పొడవునా పచ్చగా ఉండే సుకుమారపు మొక్క పెట్టడం ఎందుకు? నీడ ఉన్నప్పుడు మేలుకొని, నీడ పోయినప్పుడు నిద్రపోయే మొక్కను పెడితే సరిపోతుంది కదా! పసుపు అలాంటిదే. జూన్‌లో కొమ్ము నాటితే వాన మబ్బుల కింద పెరిగి, సంక్రాంతి దాటేసరికి ఆకు పండి ఎండుతుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల ఎండతో దానికి పని లేదు.

ఏ నీడకు ఏ మొక్క?

మా మేకుల లెక్కనూ, మట్టి పరీక్షనూ ముందు పెట్టుకొని ఆవరణను నాలుగు భాగాలు చేశాం.

ఉత్తరపు గోడ పక్కన: పసుపు, కంద. నీరు బాగా అందే చోట చేమ. గోడకు ఆనుకొని ఒక వరస చాగనార. కత్తి వంటి మందపాటి ఆకులుండే ఈ మొక్క నీడనూ ఎండనూ రెంటినీ ఓర్చుకుంటుంది. పగలు ఆకుల రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. అందుకే నీరు ఆదా. దీని నారతో పూర్వం వింటినారులు పేనేవారు.

తూర్పు గోడ పక్కన: ఇక్కడ పొద్దుటి లేత ఎండ, మధ్యాహ్నం తరవాత నీడ. మొక్కలకు ఇంతకంటే మంచి చోటు లేదు. కనకాంబరం, నందివర్ధనం, కరివేపాకు నాటాం. కనకాంబరం ఎండు కాయను తడిపి చూడండి. చిటపట పగిలి విత్తనాలు ఎగిరిపడతాయి. పడమటి గోడను మాత్రం నీడ జాబితాలో చేర్చకండి. పొద్దున నీడ చూసి మొక్క పెడితే, మధ్యాహ్నం మూడింటి ఎండ దాన్ని వేపుతుంది.

వేపచెట్టు కింద: వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చినా ఉగాదికి చిగురిస్తుంది. కాబట్టి మే నెలలో గోడ నీడ పోయినా వేప నీడ నిలుస్తుంది. కాని అది పొడి నీడ. అక్కడ అడ్డసరం, నేలవేము, రణపాల, చాగనార పెట్టాం. అడ్డసరాన్ని మేకలు ముట్టవు. ప్రహరీ కూలిన బడికి అది గొప్ప సుగుణం! మొక్కల మధ్య మూతి దాకా కుండలు పాతి నీళ్ళు నింపాం. కుండ గోడ నుంచి చెమర్చిన నీరు నేరుగా వేళ్ళకు అందుతుంది. రాలిన ఆకులను ఊడ్చి కాల్చకుండా అక్కడే పరిచాం.

కుళాయి పక్కన, కానుగ చెట్టు కింద: మధ్యాహ్న భోజనం పళ్ళేలు కడిగిన నీరు వచ్చే చోటు ఇది. తడీ నీడా రెండూ ఉన్న మూల మా బడిలో ఇదొక్కటే. సరస్వతి ఆకు, ఫెర్నులు, తమలపాకు వంటి సుకుమారులకు ఇది కేటాయించాం. తమలపాకు సాగుచేసే రైతులు ముందుగా అవిసె మొక్కలు పెంచి, వాటి నీడలోనే తీగ పాకిస్తారు. అరకు లోయలో కాఫీ మొక్కలు పెద్ద చెట్ల నీడలోనే పెరుగుతాయి. నీడను సాగుకు వాడుకోవడం మన రైతులకు కొత్త కాదు.

జాగ్రత్తలు

కంద, చేమ ఆకుల్లో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పచ్చి ఆకు నమిలితే నోరు మండిపోతుంది. చేతులకూ దురద పెడుతుంది. నర్సరీలలో నీడ మొక్కగా అమ్మే డంబ్ కేన్ రసం కూడా ఇలాంటిదే. చిన్న పిల్లలుండే బడిలో అది వద్దు. అడవినాభి పువ్వు ఎంత అందమైనదో గడ్డ అంత విషం. దాన్ని అడవికే వదిలేయండి. సీసాల్లో మనీ ప్లాంటు పెంచేవారు వారానికొకసారి నీళ్ళు మార్చకపోతే అందులో దోమలు పెరుగుతాయి.

మీరూ చేయండి

మొక్క కొనే ముందు మూడు పరీక్షలు చేయండి. ఒకటి: తెల్ల కాగితం నేల మీద పరిచి, దానికి అడుగెత్తున అరచేయి పట్టండి. చేతి నీడ అంచులు స్పష్టంగా ఉంటే అది ఎండ. మసకగా ఉంటే పలచని నీడ. నీడ జాడే కనిపించకపోతే చిక్కని నీడ. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూడాలి. రెండు: వాన వెలిశాక పిడికెడు మట్టి పరీక్ష. మూడు: నెలకొక మేకు. మన జిల్లాల్లో సూర్యుడు పగటి దారిలో అన్నిటికంటే ఎత్తుకు చేరేది సరిగ్గా 12 గంటలకు కాదు, రోజును బట్టి 12కూ 12.30కూ మధ్య. ఆ వేళలో నీడ చివర మేకు పాతండి. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు. నీడను చూస్తే చాలు. డిసెంబరులో మొదలుపెడితే జూన్ నాటికి మీ బడి నీడ పటం మీ చేతిలో ఉంటుంది. దానితోపాటు ఆ ఆవరణలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న వారిని కూడా అడగండి. నేను అడగకుండా నష్టపోయాను.

మొదటి ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చాక, తొలకరి వానలకు మళ్ళీ ఒక తమలపాకు తీగ తెచ్చింది. ఈసారి ఎక్కడ నాటాలో నన్ను అడగలేదు. పిల్లలు గీసిన నీడ పటం చూసుకొని, కానుగ మొదట్లో తానే గుంట తీసింది. మార్చిలో పరీక్షలు రాసి వెళ్ళేటప్పటికి తీగ ఆమె భుజం ఎత్తు పాకింది. ఆ మే నెలలో నేను రెండుసార్లు బడికి వెళ్ళి చూశాను. ఆకులు చిన్నవయ్యాయి గాని, తీగ పచ్చగానే ఉంది.